రెండు ముక్కల సైకిలు

అమెరికాకు ప్రయాణమయ్యే బిడ్డ ఉన్న ప్రతి తెలుగింట్లోనూ ముందు రోజు రాత్రి ఒకటే దృశ్యం. హాలు మధ్యలో రెండు పెట్టెలు నోరు తెరుచుకొని ఉంటాయి. పక్కన కొక్కెం తగిలించి తూచే త్రాసు ఉంటుంది. ఆవకాయ సీసా పెడితే పెట్టె 23 కిలోలు దాటుతుంది. తీస్తే అమ్మ మనసు నొచ్చుకుంటుంది. పెట్టెకు 32 కిలోలు అనుమతించిన పాత రోజులను ఎవరో ఒకరు తలచుకొని నిట్టూరుస్తారు. బరువు సంగతి అందరికీ తెలుసు. ఆ నియమానికి రెండవ సగం ఒకటుందని మాత్రం చాలామంది గమనించరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 62 అంగుళాలు, అంటే సుమారు 158 సెంటీమీటర్లు, మించరాదు.

ఈ 62 అంగుళాల లెక్క నాకు సైకిలు వలన తెలిసింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న రోజులలో, 2010 ప్రాంతంలో, నా ఉక్కు సైకిలును అట్టపెట్టెలో సర్దుకొని విమానాశ్రయానికి వెళ్ళాను. బరువు 20 కిలోలు కూడా లేదు. అయినా కౌంటరులోని అమ్మాయి పెట్టె వైపు ఒకసారి చూసి, టేపుతో కొలిచి, అదనపు రుసుము ఎంతో చెప్పింది. రానూ పోనూ కలిపితే అది ఆ సైకిలును నేను కొన్న ధరలో సగానికి దగ్గరగా వచ్చింది. ఈ గోడు ఒక మిత్రుని దగ్గర వెళ్ళబోసుకుంటే ఆయన తాపీగా, "కోయించండి, పెట్టెలో పడుతుంది" అన్నారు. నిక్షేపం లాంటి ఫ్రేమును రంపంతో కోయించడమా! ఆ ఊహకే ఒళ్ళు జలదరించింది. కోయించాలా వద్దా అన్న మీమాంసలో పడి, ఇటువంటి పని మొదట ఎవరు చేశారు, ఎందుకు చేశారు, దానికి ఎంత ఖర్చవుతుంది అని వెతుకుతూ పోయాను. అలా పోగైన చరిత్ర ఇది.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. మడత సైకిలు వేరు, విడదీసే సైకిలు వేరు. మడత సైకిలు ఫ్రేముకు తలుపుకు ఉన్నట్టు ఒక మడతబందు ఉంటుంది. భాగాలు విడిపోవు; ఒకదాని మీదికి ఒకటి వచ్చి చేరతాయి. చక్రాలు చాలావరకు చిన్నవి. విడదీసే సైకిలు చూపుకు మామూలు సైకిలే. చిన్నప్పుడు నాన్న మనలను కూర్చోబెట్టుకొన్న పై కడ్డీలో ఒక చోట, దాని కింద పెడళ్ళ దాకా ఏటవాలుగా దిగే కడ్డీలో మరొక చోట జోడింపులుంటాయి. వాటిని విప్పితే ఫ్రేము ముందు సగం, వెనుక సగంగా వేరవుతుంది. జోడింపులు బిగించాక తొక్కేవాడికి ఆ సంగతే గుర్తుండకూడదు. అదీ దాని పరీక్ష.

ఆ పరీక్షలో నెగ్గడం సులభం కాదు. మనిషి లేచి నిలబడి పెడలు తొక్కినప్పుడు ఫ్రేము కొంచెం మెలి తిరుగుతుంది. గతుకులో పడినప్పుడు ఒక కడ్డీ సాగబోతుంది, మరొకటి నొక్కుకుపోతుంది. జోడింపు ఈ లాగుడును, నొక్కుడును, మెలిని మూడింటినీ భరించాలి. అందులో వెంట్రుకవాసి వదులున్నా తొక్కిన ప్రతిసారీ టక్కుమంటుంది. ఆ వదులు నానాటికీ పెరుగుతుంది. ఒకే ముక్కగా ఉన్న కడ్డీకి ఈ బాధ ఏదీ లేదు. మరి ఉన్న బలాన్ని చేతులారా ఎందుకు కోసుకోవాలి? సైకిలు తనంతట తాను చేరలేని దూరానికి మరొక బండి దానిని మోసుకుపోవాలి కనుక. ఈ చరిత్ర పొడుగునా నాకు కనిపించినదొకటే. కోత ఎక్కడ పడాలో తొక్కేవాడు నిర్ణయించలేదు. మోసుకుపోయే బండి నిర్ణయించింది.

ఈ కథ మనకు తెలిసిన సైకిలు ఆకారం కంటే పాతది. 1878లో లండనులో విలియం గ్రౌట్ అనే ఆయన "పోర్టబుల్" పేరుతో ఒక సైకిలును తీసుకొచ్చారు. అప్పటికి రెండు సమాన చక్రాల సైకిలు లేదు. జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు రావడానికి ఇంకా 7 సంవత్సరాలున్నది. ఆనాటిది మనిషి ఛాతీ ఎత్తున్న ముందు చక్రం, దాని వెనుక చిన్న తోక చక్రం ఉన్న బండి. దానిని ఇంటి గుమ్మంలోంచి లోపలికి తేవడమే గగనం. గ్రౌట్ ఆ పెద్ద చక్రపు అంచునే ముక్కలుగా విడిపోయేటట్టు చేశారు. ఫ్రేమును కూడా విడదీసి, అన్నిటినీ కలిపి త్రికోణాకారపు సంచిలో పెట్టి మోసుకుపోవచ్చు. అది ఎక్కువమంది చేతికి వెళ్ళలేదు. అయితే సైకిలు పుట్టి నిండా ఒక తరం గడవకముందే దానిని సంచిలో పెట్టాలన్న కోరిక పుట్టిందని గ్రౌట్ సైకిలు వలన తెలుస్తున్నది.

తరువాత ఈ కోరికను పోషించినది సైన్యం. 1890 దశకంలో ఫ్రెంచి సైనికాధికారి ఆన్రీ జెరార్, పారిశ్రామికుడు శార్ల్ మొరెల్ కలిసి సిపాయి వీపున వేసుకుపోగల మడత సైకిలును రూపొందించారు. బాట ఉన్నంత మేర సైకిలు సిపాయిని మోస్తుంది. బాట ఆగిపోయిన చోట సిపాయి సైకిలును మోస్తాడు. ఇటలీలో బియాంకీ సంస్థ 1912 ప్రాంతంలో బెర్సల్యేరీ దళాల కోసం ఇటువంటిదే చేసింది. ఇక్కడ ఖర్చు ప్రశ్నే లేదు. కొనేది ప్రభుత్వం, వేల సంఖ్యలో ఒక్కసారి కొంటుంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో మోసుకుపోయే బండి విమానమైంది. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ సంస్థ 1942 నుండి పారాచూట్ దళాల కోసం ఒక మడత సైకిలు తయారుచేసింది. ఆ సంస్థ పొడి అక్షరాలే బి.ఎస్.ఏ. మద్రాసు టి.ఐ. సైకిల్స్ వారు చేసిన బి.ఎస్.ఏ. సైకిళ్ళను తొక్కి పెరిగిన మనవాళ్ళకు ఆ పేరు కొత్తది కాదు, దాని వెనుక తుపాకుల కార్ఖానా ఉన్న సంగతి మాత్రం కొత్త కావచ్చు. ఈ సైకిలుకు ఒక్కొక్క లావు కడ్డీకి బదులు సన్నని జంట గొట్టాలుంటాయి. మధ్యలో రెండు మడతబందులు, వాటిని బిగించడానికి రెండు రెక్కల నట్లు. పానా అక్కరలేకుండా చీకట్లో వేళ్ళతోనే తిప్పవచ్చు. పారాచూట్‌తో దిగేటప్పుడు చక్రాలు ముందుగా నేలను తాకితే వంగిపోతాయి కనుక, హ్యాండిలూ సీటూ ముందు తగిలేలా తలకిందులుగా వేలాడదీశారు. సుమారు 70,000 తయారైనట్టు చెబుతారు. విచిత్రమేమంటే వాటిలో ఎక్కువ భాగం ఆకాశం నుండి దిగనే లేదు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో బ్రిటిషు, కెనడా పదాతి దళాల వాళ్ళు వాటిని భుజాన వేసుకొని నీళ్ళలోంచి ఒడ్డుకు నడిచారు. యుద్ధం ముగిశాక మిగిలినవి జనానికి అమ్ముడుపోయాయి. మడిచే సైకిలు సామాన్యుడికి చవకగా దొరికిన సందర్భాలలో అదొకటి. దాని అసలు ఖరీదు అప్పటికే ఖజానా భరించింది మరి.

సైనికుడి తరువాత ఈ ఆలోచనను మలుపు తిప్పినది ఒక రబ్బరు ఇంజనీరు. 1956లో నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేయడం, దరిమిలా యుద్ధం, ఆ శీతకాలంలో బ్రిటనులో పెట్రోలుకు రేషను విధించడం వరుసగా జరిగాయి. మినీ కారుకు రబ్బరు సస్పెన్షను రూపొందించిన అలెక్స్ మోల్టన్ ఆ రోజులలోనే సైకిలు వైపు చూపు తిప్పారు. చక్రం పెద్దదిగానే ఉండాలని ఎవరు నిర్ణయించారన్నది ఆయన ప్రశ్న. చిన్న చక్రానికి గతుకులు ఎక్కువ తెలుస్తాయి. అందుకు సస్పెన్షను పెడితే సరి. 1962లో ఆయన సైకిలు బయటికి వచ్చింది. చిన్న చక్రాలు పిల్లల ఆటకే పనికొస్తాయన్న వారికి సమాధానంగా, అదే ఏడాది డిసెంబరులో జాన్ వుడ్‌బర్న్ ఆ సైకిలు మీద కార్డిఫ్ నుండి లండనుకు కొత్త రికార్డు స్థాపించారు. ఆ వరుసలో "స్టోఅవే" అన్న నమూనా మధ్యకు విడిపోయేది. ఈసారి కోతను నిర్ణయించినది కారు డిక్కీ. 1983 నుండి మోల్టన్ చేసిన ఏ.ఎం. సైకిళ్ళ ఫ్రేము సన్నని గొట్టాలతో అల్లిన వంతెనలా ఉంటుంది, రెండుగా విడిపోతుంది. అందులో ప్రతి అతుకూ చేతితో వేసినదే. సాంకేతికంగా అది ఎంతో ఎత్తుకు వెళ్ళింది, ధర కూడా దానితోపాటు సామాన్యుడికి అందనంత ఎత్తుకు వెళ్ళింది.

ఇంగ్లీషు ఛానలుకు అవతల పారిస్‌లో రెనే ఎర్స్ అనే నిపుణుడు పెద్ద చక్రాల విహార సైకిలునే విడదీసే విధంగా, అడిగినవారికి కొద్ది సంఖ్యలో చేసి ఇచ్చేవారు. రైలులోనో కారులోనో పెట్టుకొని కొండ ప్రాంతానికి వెళ్ళి తొక్కాలనుకునే వారి కోసం చేసినవి అవి. అంటే 1960ల నాటికే రెండు దారులూ సిద్ధంగా ఉన్నాయి: చక్రం చిన్నది చేయడం ఒకటి, చక్రం అలాగే ఉంచి ఫ్రేమును విడదీయడం రెండవది.

ఈ రెండు దారులనూ ఒకే కొలతకు కట్టిపడేసినది విమానయానం. సామాన్యులు సైతం ఖండాలు దాటుతున్న కాలంలో పెట్టెకు 62 అంగుళాలన్న నియమం సైకిలు తయారీదారుకు శిలాశాసనమైంది. 1992లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం యూజీన్ పట్టణంలో షోల్జ్ సోదరులు బైక్ ఫ్రైడే సైకిళ్ళను ప్రారంభించారు. 20 అంగుళాల చక్రాల ఆ సైకిలు మామూలు గట్టి సూట్‌కేసులో ఇముడుతుంది. విమానం దిగాక ఆ సూట్‌కేసుకే చక్రాలు తగిలించి, సైకిలు వెనుక బండిలా లాక్కుపోవచ్చు. పెట్టెను ఎక్కడ దాచుకోవాలన్న ప్రశ్నకు ఇంత చక్కని జవాబు నేను మరొకటి చూడలేదు.

రెండవ దారిలో, కాలిఫోర్నియాకు చెందిన ఎస్ అండ్ ఎస్ మెషీన్ సంస్థ 1990 దశకంలో ఒక జోడింపును తెచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన రెండు పొట్టి గొట్టాలు. వాటి అంచులలో కొనకు సన్నబడే పళ్ళు. ఒకదాని పళ్ళు మరొకదాని సందులలో కూర్చుంటాయి. పైన మరలున్న ఒక కంకణం. కొక్కెం లాంటి చిన్న పానాతో కంకణాన్ని బిగించేకొద్దీ పళ్ళు ఇంకా లోతుకు దిగి వదులు లేకుండా పట్టుకుంటాయి. మెలిని పళ్ళు భరిస్తాయి, లాగుడును కంకణం భరిస్తుంది. రెండు జోడింపులూ కలిపి సైకిలుకు పెరిగే బరువు సుమారు పావు కిలో.

వాళ్ళ పెట్టె కొలత చూడండి: 26 అంగుళాలు, 26 అంగుళాలు, 10 అంగుళాలు. కూడితే సరిగ్గా 62. పెద్ద సైకిలు చక్రం టైరుతో కలిపి దాదాపు 26న్నర అంగుళాలుంటుంది. అందుకే టైరులో గాలి తీసి నొక్కి పెట్టాలి. ఈ కూడికలో ఒక్క అంగుళం అటూ ఇటూ అయినా ఆ యంత్రం ఫలితం శూన్యం. జోడింపు ఫ్రేములో ఎక్కడ ఉండాలన్నది కూడా ఈ 26 వలననే తేలుతుంది. 2000 తరువాత టామ్ రిచీ తెచ్చిన "బ్రేక్‌అవే" పద్ధతి మరొక ఉపాయం. సీటు గొట్టం దగ్గర ఒక పట్టు, కింది కడ్డీ మొదట్లో ఒక చిన్న కంకణం మాత్రమే. బరువు తక్కువ, కాని ఫ్రేము మొదటి నుండీ అలాగే తయారు కావాలి. పాత సైకిలును తెచ్చి కోయించుకునే వీలు దానికి లేదు.

ఇక ఖరీదు సంగతి. 2000 దశకంలో ఉన్న సైకిలుకు జోడింపులు వేయించాలంటే సుమారు నాలుగయిదు వందల డాలర్లయ్యేది. కోసి, అతికి, వంకర లేకుండా సరిచూశాక ఫ్రేముకు మళ్ళీ రంగు వేయాలి. బ్రేకు తీగలకు, గేరు తీగలకు మధ్యలో విప్పే మరలు కావాలి. ప్రత్యేకమైన పెట్టె కావాలి. అన్నీ కలిపితే వెయ్యి డాలర్ల దగ్గర తేలుతుంది. విమాన సంస్థ ఒక వైపుకు 100 డాలర్లు తీసుకుంటే రానూ పోనూ 200. అయిదు ప్రయాణాలు చేస్తే పెట్టుబడి తిరిగి వచ్చినట్టు. ఉక్కు, టైటానియం ఫ్రేములకే ఇది కుదురుతుంది. చవక సైకిళ్ళలో ఎక్కువగా ఉండే అల్యూమినియం ఫ్రేమును కోయించి ఇలా అతికించుకోలేము. అంటే ఖరీదయిన సైకిలు ఉన్నవాడికే ఈ పొదుపు కూడా అందుతుంది.

ఇంతకాలమైనా దీని ధర ఎందుకు దిగలేదు? మడత సైకిలుతో పోల్చి చూస్తే తెలుస్తుంది. లండనులో ఆండ్రూ రిచీ 1970లలో తన గదిలో రూపకల్పన చేసిన బ్రాంప్టన్ గానీ, భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ హాన్ 1982లో స్థాపించిన డాహోన్ గానీ ప్రతి రోజూ పనికివచ్చేవి. ఉద్యోగి ఉదయం మడుస్తాడు, రైలెక్కుతాడు, సాయంత్రం మళ్ళీ మడుస్తాడు. రోజూ అవసరమైనదాన్ని వేల మంది కొంటారు. వేల మంది కొనేదానికి కార్ఖానా పుడుతుంది. విడదీసే సైకిలు అవసరం ఏడాదికి ఒకటి రెండుసార్లు. కొనేవాళ్ళు కొద్దిమంది, చేసేవాళ్ళు ఒకరిద్దరు పనివాళ్ళున్న చిన్న కొలిమి వంటి దుకాణాలు. కొలతలు ఇచ్చి, బయానా కట్టి, నెలల తరబడి ఎదురుచూడాలి. అమెరికాలో సర్లీ వంటి సంస్థలు కొంతకాలం ఈ జోడింపులున్న ఫ్రేములను దుకాణంలో దొరికే సరుకుగా అమ్మాయి. కాని ఆ సరుకు నిలదొక్కుకోలేదు. మన దేశంలో మడత సైకిళ్ళు దుకాణాలలో కనిపిస్తున్నాయి గాని, పెద్ద చక్రాల విడదీసే సైకిలు కావాలంటే పరదేశం నుండి తెప్పించుకోవలసిందే. దాని మీద దిగుమతి సుంకం కూడా పడుతుంది.

నేను చివరకు కోయించాను. ఫ్రేము కట్టే ఆయన రంపం పెట్టేముందు, "ఇక దీన్ని మళ్ళీ ఒక్క ముక్కగా చేయలేను, ఆలోచించుకొన్నారా?" అని అడిగాడు. తల ఊపి, అటు తిరిగి నిలుచున్నాను. శబ్దం మాత్రం వినిపించింది. తరువాత మూడు వారాలకు కొత్త రంగుతో చేతికి వచ్చింది. తొక్కితే ఏ తేడా తెలియలేదు. కౌంటరులో టేపు పెడితే సరిగ్గా 62.

నా అయిదు ప్రయాణాల లెక్క పూర్తి కాలేదు. 2019 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సైకిలు మీద వసూలు చేస్తున్న 150 డాలర్ల రుసుమును ఎత్తివేసి, బరువు పరిమితిలో ఉంటే మామూలు పెట్టె ధరే చాలన్నది. డెల్టా కూడా అదే ఏడాది ఆ బాట పట్టింది. పావు శతాబ్దం పాటు నిపుణులు పళ్ళు కోసి, కంకణాలు చెక్కి సాధించినదాన్ని ఆ మార్గాలలో ఒక్క ప్రకటన అక్కరలేనిదిగా చేసింది. ఒక నియమం కోసం పుట్టిన వస్తువు ఆ నియమం దయ మీదనే బతుకుతుంది.

నేను సైకిలుతో సహా హైదరాబాదు తిరిగి వచ్చేశాను. మన రైళ్ళలో నిండు సైకిలును బ్రేకు వ్యానులో బుక్ చేయాలి. నాది పెట్టెలో ఉంది కాబట్టి బెర్తు కింద పెట్టుకోవచ్చుననుకొని సంతోషించాను. విశాఖకు వెళ్ళే ముందు ఎందుకైనా మంచిదని రైల్వే నియమం చూశాను. బోగీలో మనతో ఉంచుకునే పెట్టె 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు మించరాదట. నా పెట్టె అడ్డంగానూ నిలువుగానూ 66. అమెరికా కౌంటరు కొలతకు కోయించుకొన్న సైకిలు మన రైలు కొలతకు 6 సెంటీమీటర్లు ఎక్కువైంది! రైలు కోసం కోసి ఉంటే కోత మరొక చోట పడేదేమో.

అయినా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఆ పెట్టె బెర్తు కింద ఇంతవరకు నాలుగుసార్లు ప్రయాణం చేసింది. టి.టి.ఇ. గారు ఎవరూ టేపు తీయలేదు. ఒకాయన మాత్రం పెట్టెను కాలితో తట్టి, "ఏమిటండీ ఇందులో?" అని అడిగారు. సైకిలన్నాను. ఆయన నవ్వి, నా టికెట్టు మీద గీత పెట్టి వెళ్ళిపోయారు.